పాలు కక్కే పసిబిడ్డల కోసమని అమ్మే వాలు దిండ్లను కొనకండి

తిరుపతిలో పసిబిడ్డల సామాన్లు అమ్మే దుకాణాల్లో ‘యాంటీ రిఫ్లక్స్ పిల్లో’ (రిఫ్లక్స్ అంటే తాగిన పాలు కడుపులోంచి పైకి రావడం) అని ఒకవైపు ఎత్తుగా, మరోవైపు పల్చగా ఉండే స్పాంజి దిండు ఒకటి కనిపిస్తోంది. పాలు తాగిన వెంటనే కక్కుతూ, రాత్రిళ్లు నిద్రపోకుండా ఏడ్చే బిడ్డ మీ ఇంట్లో ఉంటే, దాన్ని కొనే ముందు దయచేసి ఇది చదవండి.

మా పాపకు మూడో నెల నడుస్తున్నప్పుడు, పాలు పట్టి పడుకోబెడితే చాలు, గొంతులోకి పాలు తన్నుకొచ్చి, వెన్ను విల్లులా వంచి ఏడ్చేది. తిలక్ రోడ్డులోని ఒక దుకాణంలో ఈ సంగతి చెబితే, ఈ వాలు మీద పడుకోబెడితే పాలు పైకి రావనీ, బిడ్డ తెల్లవార్లూ నిద్రపోతుందనీ, డాక్టర్లే దీన్ని వాడమంటున్నారనీ నమ్మకంగా చెప్పి రూ.2,400 తీసుకున్నారు. డబ్బా మీద కూడా అదే మాట ఉంది. వాలు ఎన్ని డిగ్రీలో, ఎన్ని నెలల బిడ్డకు పనికొస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఆ రాత్రి నేను పక్కనే మేలుకుని ఉన్నాను. పాప కొద్దికొద్దిగా కిందికి జారి, నడుము దగ్గర ముడుచుకుపోయి, గడ్డం వచ్చి ఛాతీకి ఆనుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా గురక వంటి చప్పుడు వినిపించింది. వెంటనే ఎత్తి భుజాన వేసుకుంటే ఆ చప్పుడు ఆగిపోయింది. పాలు కక్కడం మాత్రం ఏమాత్రం తగ్గలేదు.

మరునాడు ఆ దిండును పిల్లల డాక్టరు గారికి చూపించాము. ఆయన దాన్ని బొటనవేలితో నొక్కి వేలు తీశారు. గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది. పసిబిడ్డకు మెడ నిలవదు, తల బరువు ఎక్కువ. వాలు మీద తల ముందుకు వంగితే సన్నని శ్వాసనాళం నొక్కుకుపోతుంది, మొహం మెత్తటి స్పాంజిలోకి తిరిగితే గాలి ఆడదు, రెండింట్లోనూ బిడ్డ తనంతట తాను సర్దుకోలేదు అని ఆయన వివరించారు. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయన్నది మా ఇంట్లో పెద్దవాళ్ల భయం. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైనా, ఆహారనాళం కిందా ఉంటాయి కాబట్టి, పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి ఎక్కడం కష్టం. బిడ్డ వాటిని మింగేస్తుంది, లేదా బయటికి కక్కేస్తుంది.

ఇది ఒక్క డాక్టరు గారి అభిప్రాయం కాదు. రిఫ్లక్స్ ఉన్న బిడ్డలనైనా సరే, గట్టిగా, సమతలంగా ఉన్న పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టాలని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. వాలు పడకల్లో పసిబిడ్డలు చనిపోయిన కారణంగా 2019 ఏప్రిల్‌లో అమెరికాలో ఒకే రకం పడకలను సుమారు 47 లక్షల దాకా వెనక్కి రప్పించారు. 2022లో అక్కడ చట్టం చేసి, పసిబిడ్డల నిద్రకోసం తయారుచేసే, 10 డిగ్రీలకు మించి వాలు ఉన్న పడకల అమ్మకాన్నే నిషేధించారు. అక్కడ అంత జరిగిన తర్వాత కూడా, వాలే మందు అని ఇక్కడ మనకు అమ్ముతున్నారంటే బాధగా ఉంది.

కడుపు మొదట్లో ఉండే బిగింపు కండరం ఇంకా బలపడకపోవడం వల్ల పాలు వెనక్కి వస్తాయి. ఇది సాధారణంగా నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, ఏడాది, ఏడాదిన్నర లోపల చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. డాక్టరు గారు చెప్పినట్టు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలు పట్టి, మధ్యలో ఆపి త్రేన్పు తెప్పించి, తాగిన తర్వాత అరగంట భుజాన నిటారుగా ఎత్తుకుని, ఆ తర్వాతే పడుకోబెట్టడం వల్ల మాకు రాత్రిళ్లు కొంత తేలికయ్యాయి. వాంతి ఆకుపచ్చగానో, పసుపుగానో ఉన్నా, రక్తం కనిపించినా, చిమ్మినట్టు దూరంగా పడుతున్నా, బరువు పెరగకపోయినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దిండు వెనక్కి ఇవ్వబోతే, విప్పిన సరుకు వెనక్కి తీసుకోబోమని దుకాణం వాళ్లు అన్నారు. లోపం ఉన్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల్లోపల తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లునూ, ఆ మాటలు రాసి ఉన్న డబ్బానూ దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరు కూడా బిల్లు అడిగి తీసుకోండి.

మన వైపు పసిబిడ్డల సామాన్లు అక్క బిడ్డ నుంచి చెల్లెలి బిడ్డకు పోతుంటాయి. ఈ దిండును మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఫిర్యాదు తేలిపోయాక కవరు చించి, స్పాంజిని ముక్కలు చేసి పారేయండి.