పాలిచ్చే తల్లి బరువు తగ్గడానికి ఏది మేలు: పథ్యమా, అన్నం మానడమా, ఆగడమా, నెమ్మదిగా దిగడమా?

పెద్దవాడు పుట్టిన తొమ్మిదో వారంలో నేను రాత్రిపూట అన్నం మానేశాను, పదో వారానికి పగలు కూడా మానేశాను. కడుపుతో ఉన్నప్పుడు పెరిగిన 14 కిలోల్లో ప్రసవంతోనూ, ఆ తర్వాత ఒంటినీరు దిగడంతోనూ 7 పోగా, మిగిలిన 7 కిలోల వల్ల పాత జాకెట్లు పట్టడం లేదన్నదే అప్పటి నా బాధ. మూడు వారాల్లో 4 కిలోలు తగ్గాను. ఆ నెల అంగన్‌వాడీ కేంద్రంలో వాణ్ణి త్రాసు కొక్కేనికి వేలాడే గుడ్డ నిక్కరులో కూర్చోబెట్టి తూచినప్పుడు, కిందటి నెలకంటే 350 గ్రాములు మాత్రమే పెరిగినట్టు తేలింది. ఆ వయసు బిడ్డ మామూలుగా నెలకు సుమారు 700 గ్రాములు పెరుగుతాడు. కార్యకర్త తల్లీబిడ్డల రక్షణ కార్డులో కొత్త చుక్క పెట్టి పాత చుక్కతో కలిపితే, అప్పటిదాకా పైకి సాగిన గీత ఒక్కసారిగా వాలిపోయింది. నేను పోగొట్టుకున్న బరువులో కొంత వాడి ఒంటికి చేరవలసినదని ఆ గీత చూశాకే నాకు అర్థమైంది.

చిన్నది పుట్టాక మరో దారిలో నడిచాను. మన ఇళ్లలో బాలింతల ముందు మామూలుగా నాలుగు దారులుంటాయి. పెద్దలు పెట్టే పథ్యాన్ని అలాగే తింటూ పోవడం ఒకటి, అన్నం మాని లేదా ఉపవాసాలుండి త్వరగా తగ్గడం ఇంకొకటి, బిడ్డ పాలు మానేదాకా బరువు సంగతే తలపెట్టకపోవడం మూడోది, కంచంలోని పాళ్లు మార్చుకుని నెమ్మదిగా దిగడం నాలుగోది. వీటిని పోల్చాలంటే ముందు పాల లెక్క తెలియాలి.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. ఆ పాలలోనే దాదాపు 500 కేలరీలుంటాయి, వాటిని తయారుచేయడానికి తల్లి ఒంటికి ఇంకొంత ఖర్చవుతుంది. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాల్లో పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు, తర్వాతి 6 నెలలు 520 కేలరీలు కావాలని నిర్ణయించింది. ఎక్కువసేపు కూర్చుని పనిచేసే స్త్రీకి మామూలుగా 1660 కేలరీలు చాలు కాబట్టి, బాలింతగా ఆమెకు కావలసింది దాదాపు 2260. ఇందులో కొంత భాగాన్ని కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన కొవ్వు భరించగలదు, ప్రకృతి ఆ కొవ్వును పోగుచేసేదే ఇందుకోసం. ఆ నిల్వ నుంచి రోజుకు ఎంత తీసుకుంటే బిడ్డకు లోటు రాదన్నదే అసలు ప్రశ్న.

పథ్యం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని పూర్తిగా కొట్టిపారేసేవారి మాటా, పూర్తిగా నెత్తిన పెట్టుకునేవారి మాటా నాకు సరిగ్గా తోచవు. మా అమ్మ నాకు రోజుకు రెండు మినప సున్నుండలు, ముద్దముద్దకూ కలిపి నాలుగు పెద్ద చెంచాల నెయ్యి, రెండు గ్లాసుల చక్కెర పాలు పెట్టేది. సున్నుండ ఒక్కొక్కటి 150 నుంచి 200 కేలరీలు, నెయ్యి చెంచాకు 120కి తక్కువుండదు, చక్కెర వేసిన పాలు గ్లాసుకు 150 దాకా ఉంటాయి. కూడితే 1100 చుట్టుపక్కల తేలుతుంది, అంటే అవసరమైన అదనానికి దాదాపు రెట్టింపు. నెల తిరగకుండా మళ్లీ పొలానికీ, నీళ్ల బిందెకూ, రోకలికీ వెళ్లవలసిన ఒంటికి అమర్చిన తిండి అది. మూడో అంతస్తులోని ఇంట్లో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒంటికి అదే తిండి కొవ్వుగా మిగులుతుంది.

ఇంతకంటే నన్ను ఎక్కువ బాధించేది పథ్యంలో పెట్టకుండా వదిలేసేవి. పప్పు తింటే బిడ్డకు కడుపునొప్పి, పెరుగు తింటే జలుబు, పండ్లు తింటే చలవ, నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది అంటూ తీసేయగా కంచంలో అన్నం, కారప్పొడి, నెయ్యి మాత్రమే మిగులుతాయి. బరువు పెరుగుతున్నా మాంసకృత్తులు, కాల్షియం, పీచు కరవైన తిండి ఇది. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, తిండిలో అది చాలకపోతే పాలలోకి తల్లి ఎముకల నుంచే వెళుతుంది. నీళ్లు తగ్గిస్తే వచ్చే మలబద్ధకం, కుట్లున్న మనిషికి నరకమే. అయినా పథ్యంలో నిలుపుకోవలసినవి ఉన్నాయి. మునగాకు వేసి వండిన తెలగపిండి కూర, వెల్లుల్లి కారం, పొట్లకాయ, బీరకాయ, అన్నిటికంటే ముఖ్యంగా బాలింతకు ఇంటిపని చెప్పకూడదనే కట్టుబాటు. మొదటి ఆరు వారాలు పచ్చి ఒళ్లు మానవలసిన కాలం, ఆ రోజుల్లో తిండి తగ్గించే ప్రయత్నం అసలు చేయరాదు.

రెండో దారి నేను చేసిన తప్పే కనుక కొంచెం గట్టిగానే చెబుతాను. అన్నం, రొట్టె, పండ్లు అన్నీ మాని కొవ్వు మీదా, మాంసం మీదా బతికే పద్ధతి తెలుగు ఇళ్లలోకి కొన్నేళ్ల కిందటే వచ్చింది. మామూలు మనిషికి దాని మంచిచెడ్డలు వేరే చర్చ. పాలిచ్చే తల్లి ఒంట్లో మాత్రం పరిస్థితి పూర్తిగా మారిపోతుంది, పాలలోని చక్కెర కోసం ఆమె రక్తంలోని గ్లూకోజు రాత్రింబవళ్లు ఖర్చవుతూనే ఉంటుంది. తిండిలో పిండిపదార్థం రాకపోతే ఒళ్లు కొవ్వును వేగంగా కరిగించి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలను తయారుచేస్తుంది, అవి హద్దు మీరితే రక్తం ఆమ్లంగా మారుతుంది. ఇలా మధుమేహం లేని తల్లులు ప్రాణాపాయంలో పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 10 నెలల బిడ్డకు పాలిస్తూ పిండిపదార్థాలు బాగా తగ్గించిన తల్లి ఒకరు వాంతులతో, వణుకుతో ఆస్పత్రిలో చేరిన సంగతిని 2015లో స్వీడన్ వైద్యులు ప్రచురించారు, గ్లూకోజు ఎక్కించాకే ఆమె కోలుకుంది. బిడ్డకు పాలిస్తూ తిండి బాగా తగ్గించిన తల్లికి వాంతులు, ఆయాసం, విపరీతమైన నీరసం కలిసి వస్తే అది గ్యాస్ నొప్పి అని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లి, పాలిస్తున్న సంగతీ, మానిన తిండి సంగతీ డాక్టరుకు ముందే చెప్పాలి.

రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా ఉండే పద్ధతినీ నేను ఈ వరుసలోనే ఉంచుతాను. కార్తీక సోమవారాల ఉపవాసం నుంచి బాలింతను పెద్దలే మినహాయిస్తారు, రంజాన్ ఉపవాసాల నుంచి పాలిచ్చే తల్లికి ఇస్లాం కూడా వెసులుబాటు ఇచ్చింది. రాత్రి రెండు గంటలకూ, నాలుగు గంటలకూ లేచి పాలిచ్చే మనిషికి ఆకలి వేస్తే తినకూడదని చెప్పే ఏ నియమమైనా ఆమె పరిస్థితిని చూసి రాసింది కాదు.

మూడో దారి, అంటే ఆగడం, నలుగురూ అనుకునేంత బద్ధకపు దారి కాదు. బరువు తక్కువగా ఉండి గర్భం దాల్చిన తల్లికీ, రక్తహీనత ఉన్న తల్లికీ, కవలలకు పాలిచ్చే తల్లికీ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ తల్లికీ ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. ఆమెకు కావలసింది కడుపునిండా తిండీ, ప్రసవం తర్వాత 180 రోజుల పాటు వేసుకోవలసిన ఐరన్ మాత్రలూ, నిద్రా. అయితే ముందునుంచే బరువెక్కువ ఉన్నవారికీ, గర్భంలో షుగర్ వచ్చినవారికీ ఏళ్ల తరబడి ఆగడం మంచిది కాదు. ఏడాది తర్వాత కూడా మిగిలిపోయిన బరువు తర్వాతి కాన్పులో ఇంకొంత పెరుగుతుంది, గర్భంలో వచ్చిన షుగర్ మున్ముందు శాశ్వతంగా నిలిచిపోయే అవకాశం వీరిలో ఎక్కువ. పాలిచ్చినంత కాలం ఆ ముప్పు కొంత తగ్గుతుంది కనుక బరువు తగ్గడం కోసం పాలు మాన్పించడం రెండు విధాలా నష్టమే.

ఇక నేను చిన్నదానితో నడిచిన దారి. ఎనిమిదో వారం నిండి, పాలు కుదురుకుని, బిడ్డ బరువు సరిగ్గా పెరుగుతోందని తేలాక, రోజుకు 400 కేలరీలు మాత్రమే తగ్గించాను. 1800కు దిగువకు ఏ రోజూ వెళ్లలేదు. కిలో కొవ్వులో దాదాపు 7700 కేలరీలుంటాయి కాబట్టి 400 చొప్పున 30 రోజులకు 12,000, అంటే నెలకు కిలోన్నర. ఆ వేగం చూసి మా ఆడపడుచు పెదవి విరిచింది, నాలుగు నెలల్లో 5 కిలోలు దిగాక ఏమీ అనలేదు. వారానికి అరకిలో వరకు తగ్గినా బిడ్డ ఎదుగుదలకు లోటు రాదని, బరువెక్కువ ఉన్న 40 మంది తల్లులపై అమెరికాలో జరిగిన, 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. వాళ్లు రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి 4 రోజులు 45 నిమిషాల చొప్పున వ్యాయామం చేశారు.

ఆ 400 ఎక్కడ తీశానంటే, నెయ్యి నాలుగు చెంచాల నుంచి రెండుకు, సున్నుండలు రెండు నుంచి ఒకటికి వచ్చాయి, పాలలో చక్కెర పోయింది. అన్నం మాత్రం మధ్యాహ్నం ఒకటిన్నర కప్పు, రాత్రి ఒక కప్పు ఉంచుకున్నాను. తగ్గించిన చోట గట్టి పప్పు, తోటకూర, గుడ్డు, వారానికి రెండుసార్లు చేపలు, రోజూ రెండు గ్లాసుల మజ్జిగ వచ్చాయి. సాయంత్రం నాలుగింటి సున్నుండను ఎవరు చెప్పినా వదలలేదు, ఆ వేళ ఆకలిని ఆపుకుంటే రాత్రి ఎనిమిదింటికి ఏది దొరికితే అది తినేస్తామని పెద్దవాడి రోజుల్లో తెలుసుకున్నాను. అర్ధరాత్రి పాలిచ్చాక తినడానికి మంచం పక్కన చిన్న డబ్బాలో వేయించిన శనగలుండేవి.

నడక 10 నిమిషాలతో మొదలై రెండు నెలలకు 40 నిమిషాలైంది. బిడ్డకు పాలిచ్చిన వెంటనే బయలుదేరితే రొమ్ములు బరువు లేకుండా నడక హాయిగా సాగుతుంది. ఓ మోస్తరు వ్యాయామం పాలను తగ్గించదు, చెడగొట్టదు. సిజేరియన్ అయినవారు మాత్రం డాక్టరు సరేనన్నాకే నడకను మించిన వ్యాయామం మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని లేచి కూర్చునే పొట్ట వ్యాయామాలు, పొట్ట మధ్యలో కండరం ఇంకా విడివడి ఉన్నవారికి మేలుకంటే కీడే చేస్తాయి. నడికట్టు గురించి అందరూ అడుగుతారు. నడుముకు ఆసరా ఇస్తుంది, కానీ కొవ్వును కరిగించదు, ఊపిరాడనంత బిగుతుగా ఎప్పుడూ కట్టకూడదు.

2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన, బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్ల గురించి కూడా ఇప్పుడు బాలింతలు ఆరా తీస్తున్నారు. పాలిచ్చే తల్లులకు వాటిని సాధారణంగా సిఫారసు చేయరు. ఆ మందులు ఆకలినే చంపుతాయి, పాలు పట్టే ఒంటికి ఆకలి అవసరం.

ఈ దారిలో నడిచేవారు తమకంటే ముందు బిడ్డ బరువును చూడాలి. నెలనెలా కార్డులో గీత పైకి సాగుతూ, బిడ్డ రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా మూత్రం పోస్తుంటే తగ్గించిన తిండి సరిపోతున్నట్టే. ఒక్క నెల గీత వాలినా వెంటనే పాత తిండికి వెళ్లిపోవాలి, బిడ్డను డాక్టరుకు చూపించాలి. ఇంత చేసినా మూడు నెలల పాటు ఒక్క కిలో కూడా దిగకపోతే, నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, ఏ కారణం లేని దిగులు వెంట ఉంటే, తిండిని ఇంకా తగ్గించకుండా థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ప్రసవమైన ఏడాదిలోపు థైరాయిడ్ గ్రంథి వాచి పని మందగించడం అరుదేమీ కాదు, దానికి వేసుకునే మాత్ర పాలిస్తూనే వేసుకోవచ్చు.