స్పీకరుకు ఏది మేలు: ఇంటి వైరింగు వైరా, ప్రత్యేక కేబులా?

కొత్త స్పీకర్లు వచ్చాయి, ఆంప్లిఫయరు ఉంది, మధ్యలో వైరే మిగిలింది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు రాగి వైరు చాలా, అల్లిక తొడుగూ బంగారు పూతా ఉన్న స్పీకర్ కేబులే కావాలా? నా ఓటు మామూలు వైరుకే.

స్పీకరు వైరు ముఖ్యంగా చేయవలసింది తక్కువ నిరోధంతో కరెంటును చేరవేయడమే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు దాదాపు 0.012 ఓముల నిరోధం ఉంటుంది. స్పీకరు 5 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 10 మీటర్లు, అంటే 0.12 ఓములు. స్పీకరు 8 ఓములదైతే శబ్దంలో తగ్గేది 0.13 డెసిబెల్. అంత చిన్న తేడాను చెవి పట్టుకోలేదు. అదే మందం ఉన్న ఖరీదైన కేబుల్లోనూ ఉండేది రాగే, దాని నిరోధమూ అంతే. బంగారు పూత కొనలకు చిలుము పట్టకుండా చూస్తుంది, పాటకు కొత్త తీపి తేదు.

లెక్క తప్పేది వైరు సన్నబడి, దూరం పెరిగినప్పుడు. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరును 10 మీటర్లు లాగి 4 ఓముల స్పీకరుకు కలిపితే పోయేది దాదాపు ఒక డెసిబెల్. పైగా స్పీకరు నిరోధం అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు కాబట్టి ఆ నష్టం కూడా సమానంగా పంచుకోదు. పాట రంగు కొద్దిగా మారుతుంది. అంత దూరానికి 2.5 వైరు తీసుకోండి.

మామూలు వైరులోనూ రకాలున్నాయి. ఒంటి తీగది బిరుసుగా ఉంటుంది, పదేపదే వంచితే విరుగుతుంది. సన్నని పోగులు చాలా ఉన్నదే మేలు. విడివిడి వైర్లయితే రెండింటినీ పురి పెట్టి లాగండి, దూరదూరంగా పరిస్తే ఇండక్టెన్స్, అంటే పై స్వరాల కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. ఇక అసలు మోసం రాగి పూత పూసిన అల్యూమినియం. స్పీకర్ కేబుల్ పేరుతో చవకగా వచ్చేవాటిలోనూ ఇది కనిపిస్తుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది.

ప్రత్యేక కేబుల్ గెలిచే చోట్లూ ఉన్నాయి. తివాచీ కింద నుంచి పోవాలంటే బల్లపరుపుగా ఉండేది దొరుకుతుంది. గోడ లోపల నుంచి పోవాలంటే అందుకు ఆమోదించిన రకమే వాడాలి. రెండు తీగల్లో ఒకదానిపై గీత ఉంటుంది కాబట్టి ప్లస్, మైనస్ తారుమారు కావు. రెండింటిలో ఒక్క స్పీకరుకే తారుమారైతే బాస్ పలచబడిపోతుంది. మామూలు వైరుకైతే ఎరుపు, నలుపు చూసి కొంటే ఆ చిక్కూ తీరుతుంది.

నేను ఒకసారి పోగులు సరిగా మెలితిప్పకుండానే బిగించాను. వెంట్రుకంత పోగు ఒకటి పక్క టెర్మినల్‌కు తగిలింది. మీట నొక్కగానే ఆంప్లిఫయరు టక్కుమని తనంతట తానే ఆగిపోయింది. దానికి రక్షణ ఏర్పాటు ఉండబట్టి బతికింది. అప్పటి నుంచి తొడుగు ఒక సెంటీమీటరు మేరకే తీసి, పోగులను గట్టిగా పురి తిప్పాకే దూరుస్తున్నాను.