వైపర్ దీవి, మౌంట్ హ్యారియెట్: ప్యాకేజీ జోలికి పోకండి

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఒక ట్రావెల్ ఏజెంటు వైపర్ దీవి, మౌంట్ హ్యారియెట్ రెండూ ఒకే రోజు చూపిస్తానని మనిషికి 1,800 రూపాయలు తీసుకున్నాడు. చూపించింది వైపర్ ఒక్కటే, అదీ ఇరవై నిమిషాలు. తర్వాత పడవ నార్త్ బే దగ్గర ఆపి, గ్లాస్ బాటమ్ బోటు ఎక్కండి, స్కూబా చేయండి అంటూ రెండు గంటలు వెంటపడ్డారు. కొండ సంగతేంటని అడిగితే పడవలో కుర్రాడు చెయ్యి చూపించి, "అదిగో సార్, ఆ పచ్చగా కనిపించేదే" అన్నాడు. డబ్బు పోయిందని కాదు, నాన్నగారి ముఖం చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. హిస్టరీ మాస్టారుగా రిటైరైన ఆయన ఈ రెంటి కోసమే అంత దూరం వచ్చారు. రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు.

ఈ రెండు చోట్లదీ ఒకే కథ మరి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో సూర్యాస్తమయం చూడ్డానికి ఆ కొండ ఎక్కాడు. దిగొచ్చి హోప్ టౌన్ జెట్టీలో లాంచీ ఎక్కబోతుంటే షేర్ అలీ అనే ఖైదీ చీకట్లోంచి వచ్చి కత్తితో పొడిచి చంపాడు. మార్చి 11న షేర్ అలీని ఉరితీసింది వైపర్‌లోనే. అప్పటికి సెల్యులర్ జైలు లేదు, దాని పని 1896లో గానీ మొదలవలేదు. దిబ్బ మీద ఎర్ర ఇటుకల ఉరికంబం గది ఇంకా ఉంది. నాన్నగారు దాని మెట్ల దగ్గరికి చేరేలోపే పడవ వాళ్లు ఈల వేశారు.

మర్నాడు ఆ కొండకి మేమే బయల్దేరాం. చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే పావుగంటలో బాంబూ ఫ్లాట్, టికెట్టుకి చిల్లర డబ్బులు చాలు. రోడ్డు మీద చుట్టి వెళ్తే యాభై కిలోమీటర్ల పైనే. ఒడ్డున ఆటో అతను మా మాటలు విని "ఏ ఊరండీ మీది?" అన్నాడు. వాళ్ల తాతలది సోంపేట వైపట. రానూపోనూ, పైన వెయిటింగుతో కలిపి 900 తీసుకున్నాడు, పైసా ఎక్కువ అడగలేదు.

1891లో బ్రిటిష్ వాళ్లతో జరిగిన యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌ని వాళ్లు ఖైదీగా పంపింది ఈ కొండకే. అందుకే 2021లో దీని పేరు మౌంట్ మణిపూర్ అని మార్చారు. పైన నాన్నగారు డైరీలోంచి పాత ఎర్ర 20 రూపాయల నోటు తీసి ఎదురుగా పట్టుకున్నారు. నోటు వెనక ఉన్న లైట్‌హౌస్, సముద్రపు వంపు అచ్చంగా అక్కడే ఉన్నాయి. అరగంట సేపు షేర్ అలీ కథంతా ఆటో అతనికి చెప్పారు. అతను మమ్మల్ని కింద తనకు తెలిసిన చిన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. చేపల పులుసుతో భోజనం 160. ఆ పులుసు నాన్నగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

అక్కడ ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. పొద్దున్నే ఫెర్రీ ఎక్కి ముందు కొండ చూసేయండి, వైపర్ మధ్యాహ్నం పెట్టుకోండి. ఏ పడవ మాట్లాడుకున్నా వైపర్‌లో గంట ఆపుతామని ముందే చెప్పించుకుని, మీరు తిరిగొచ్చాకే సగం డబ్బు ఇవ్వండి.