పొద్దున హార్సిలీహిల్స్, రాత్రి ఫినెస్ట్రే

మే నెలాఖరులో తిరుపతిలో సైకిల్ తొక్కాలంటే సూర్యుడికంటే ముందు లేవాలి. ఎనిమిది దాటిందంటే అలిపిరి రోడ్డు మీద నిలబడటమే కష్టం, తొక్కడం తర్వాతి మాట. అందుకే వేసవి వస్తే మా సైకిల్ జట్టులో హార్సిలీహిల్స్ మాట లేస్తుంది. లేచిన మాట చాలాసార్లు అట్లాగే కూర్చుంటుంది కూడా. 2025లో మాత్రం ముహూర్తం ఇటలీవాళ్ళు పెట్టారు. మూడు వారాలు సాగే ఇటలీ సైకిల్ పందెం జిరో డి ఇటాలియాలో 20వ స్టేజి, అంటే ఆఖరుకు ముందు రోజు పందెం, మే 31న, శనివారం. వెర్రెస్ నుంచి సెస్ట్రియేరే దాకా 205 కిలోమీటర్లు, దారిలో ఫినెస్ట్రే కనుమ. మర్నాడు రోమ్‌లో జరిగేది వేడుకే కాబట్టి, మొత్తం సమయం లెక్కలో ముందున్నవాడు వేసుకునే గులాబీ జెర్సీ ఎవరిదో ఆ శనివారమే తేలిపోవాలి. పొద్దున మనం ఒక కొండ ఎక్కుదాం, రాత్రి వాళ్ళు ఎక్కేది కూర్చుని చూద్దాం అనుకుని బయల్దేరాం.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ముందుగా చూసుకోవాల్సింది గడియారం. ఇటలీ వేసవి టైముకన్నా మనం మూడున్నర గంటలు ముందున్నాం. అక్కడ మధ్యాహ్నం వేడెక్కే పందెం మనకు రాత్రి ఏడు, తొమ్మిది మధ్య పడుతుంది. సరిగ్గా కొండ మీద వంటిళ్ళు మూసే వేళ. రూము కిటికీలోంచి లోయ కనిపిస్తుందా, పిల్లలకు ఉయ్యాల ఉందా అని కాదు, తొమ్మిదింటికి అన్నం పెడతారా, కరెంటు పోతే జనరేటర్ వేస్తారా, ఫోన్‌కు సిగ్నల్ వస్తుందా అని అడగాలి. ఈ మూడింటికీ ఫోన్‌లో అందరూ "ఉంది సార్" అనే అంటారు. ఎదురుగా నిలబడి అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

తిరుపతి నుంచి సైకిళ్ళు కారు వెనక కట్టుకుని చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, వాయల్పాడు మీదుగా మదనపల్లె చేరాం. రోడ్డు వెడల్పు చేస్తున్న చోట్ల దుమ్ము తప్పదు, గేర్ల మీద గుడ్డ కప్పుకుంటే మేలు. టిఫిన్‌కు పీలేరు బాగుంది. ఎర్రకారం పూసిన దోసె, పక్కన గట్టి చెనిక్కాయ చట్నీ. కొండ ఎక్కబోయేవాడు ఒకదానితో ఆపాలి. మాలో ఆపినవాళ్ళు తక్కువ.

మదనపల్లె అవతల కారు నిలిపి సైకిళ్ళు దించాం. ఈ ఊరే దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే తిరుపతికన్నా గాలి కాస్త పలచగా, హాయిగా అనిపిస్తుంది. అంగళ్ళు దాకా రోడ్డు ఎత్తుపల్లాలే తప్ప కొండ కాదు. ఒకడి వెనక ఒకడం వరసలో పోతూ, ముందుండేవాడు అలిసిపోతే పక్కకు తప్పుకుని వెనక్కి రావడం, తర్వాతివాడు గాలికి ఎదురు నిలవడం. వెనక ఉన్నవాడికి గాలి చాటు దొరికి చాలా పని తగ్గుతుంది. మాటలు, జోకులు, ఎవరి ఇంట్లో ఎవరు తిట్టారన్న కబుర్లు.

ఘాట్ మొదలయ్యాక మాటలు ఆగిపోయాయి. వేగం గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు పడిపోయాక ముందు ఎవడున్నా గాలి చాటు అనేది పని చేయదు. ఎవడి బరువు వాడు మోసుకోవాల్సిందే. మలుపుల్లో లోపలి అంచు నిట్టనిలువుగా ఉంటుంది, బయటి అంచున పోతే దూరం పెరిగినా కాళ్ళు బతుకుతాయి. కానీ పైనుంచి దిగే కార్లు అదే అంచును తమదనుకుంటాయి కాబట్టి హారన్ వినపడగానే లోపలికి జరగాలి. వెనక గేరుకు పళ్ళు ఎక్కువుంటే ఎక్కడం తేలిక. 32 పళ్ళ గేరు ఉన్నవాళ్ళు కూర్చునే ఎక్కారు. పాత బండిలో 25 పళ్ళతో వచ్చిన మా లెక్చరరన్న దాదాపు ఘాట్ అంతా నిలబడే తొక్కాడు. ఒక మలుపు దగ్గర మామిడికాయ ముక్కలు అమ్మే పెద్దమ్మ అతన్ని చూసి, "ఏం నాయనా, బస్సు దొరకలేదా?" అంది. అతను నవ్వడానికి కూడా ఊపిరి లేక చెయ్యి ఊపాడు.

పైభాగం 1,265 మీటర్లు. దీని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ దొర ఇక్కడ బంగళా కట్టుకోవడంతో ఆయన పేరు పడింది. గాలి బండ మీద గాలి నిజంగానే మనిషిని నెడుతుంది. అక్కడ నిలబడి ఉప్పుకారం అద్దిన మామిడికాయ తింటుంటే చెమట ఆరిపోయి చలి వేసింది. మే 31న చలి! తిరుపతికి ఫోన్ చేసి చెబితే ఎవరూ నమ్మలేదు.

ఇక దిగే చోట్లు. కొండ మీద పర్యాటక సంస్థ వారి హరిత రిసార్ట్ ఉంది. వేసవి శని, ఆదివారాలకు ముందుగా బుక్ చేసుకోకపోతే ఆశ వదులుకోవాలి. మిగిలిన వాటిలో మేం దిగిన చోటు పేరు రాయను. గది శుభ్రం, దుప్పట్లు శుభ్రం, వేణ్ణీళ్ళు అడిగిన వెంటనే వచ్చాయి. మామూలు రోజు రేటుకు రెట్టింపు తీసుకున్నారు, సీజన్ కదా అని సర్దుకున్నాం. సైకిళ్ళను గదిలో పెట్టుకోనివ్వలేదు, మెట్ల కింద పెట్టి తాళం వేసుకోమన్నారు. రాత్రంతా ఎవడో ఒకడు లేచి చూస్తూనే ఉన్నాడు. సైకిళ్ళతో పోయేవాళ్ళు ఈ సంగతి కూడా ముందే తేల్చుకోండి, లక్ష రూపాయల బండిని మెట్ల కింద పెట్టి నిద్రపోలేం. వైఫై బోర్డు మాత్రం రిసెప్షన్‌లో అందంగా వేలాడుతోంది. ఫోన్‌లో అడిగినప్పుడు "ఫుల్ స్పీడ్ సార్" అన్న పిల్లోడే ఎదురుగా నిలబడి, "నిన్నటి గాలికి వైరు తెగిపోయింది సార్" అన్నాడు. వంటాయన ఇంకా సూటిగా చెప్పాడు. "ఎనిమిదికి పొయ్యి ఆపేస్తాం. ఎన్ని సంగటి ముద్దలు కావాలో ఇప్పుడే చెప్పేయండి."

మా దగ్గర రెండు కంపెనీల సిమ్‌లున్నాయి. ఒకటి గదిలో పూర్తిగా పడుకుంది. రెండోది వరండా చివర, నీలగిరి చెట్ల వైపు మాత్రం లేచింది. దాంతో అక్కడే రెండు కుర్చీలు కలిపి, స్టీలు చెంబుకు ఫోన్ ఆనించి, చుట్టూ చేరాం. రాగిసంగటి, నాటుకోడి పులుసు పళ్ళేల్లో ముందే తెచ్చుకున్నాం. పులుసు బ్రహ్మాండంగా ఉంది, ఆ వంటాయన మీద కోపం అక్కడే తీరిపోయింది. ఒక చేత్తో సంగటి, రెండో చేత్తో బొమ్మ ఆగిపోయినప్పుడల్లా తెర మీద నొక్కడం. చూస్తుండగానే తెర మీద పులుసు వేళ్ళ గుర్తులు పడ్డాయి.

పందెం సంగతికి వస్తే, ఆ పొద్దుటికి లెక్క ఇదీ. గులాబీ జెర్సీ 21 ఏళ్ళ మెక్సికో కుర్రాడు ఇసాక్ డెల్ టోరోది. 43 సెకన్ల వెనక ఈక్వడార్ వీరుడు, 2019 విజేత రిచర్డ్ కరపాజ్. 1 నిమిషం 21 సెకన్ల వెనక ఇంగ్లండ్ రైడర్ సైమన్ యేట్స్. ఈ ముగ్గురిలో ఫినెస్ట్రేతో పాత లెక్క ఉన్నది యేట్స్‌కే. 2018లో ఇదే గులాబీ జెర్సీ వేసుకుని ఇదే కనుమ మీద కూలిపోయి, ఆ ఒక్క స్టేజిలో 38 నిమిషాలకు పైగా పోగొట్టుకున్నాడు. ఆ రోజు 80 కిలోమీటర్ల ముందునుంచే ఒంటరిగా దూసుకుపోయిన క్రిస్ ఫ్రూమ్ జిరోనే ఎగరేసుకుపోయాడు.

ఫినెస్ట్రే అంటే ఎంత కొండో చెప్పాలంటే అంకెలే దిక్కు. సుమారు 18 కిలోమీటర్లు, సగటు వాలు తొమ్మిది శాతం పైన, నెత్తి 2,178 మీటర్లు. కింది ఊరు సూసా నుంచి లెక్కేస్తే దాదాపు 1,700 మీటర్ల ఎక్కుడు. అలిపిరి నుంచి తిరుమలకు మనం ఎక్కేది సుమారు 700. పైగా చివరి ఎనిమిది కిలోమీటర్లు తారు లేని కంకర దారి. ఆ వాలులో కంకర మీద పెడల్ మీద నిలబడితే వెనక చక్రం జారుతుంది, కూర్చుంటే కాళ్ళు మండుతాయి.

కనుమ మొదట్లోనే కరపాజ్ జట్టు వేగం పెంచింది. కరపాజ్ ఒక్కసారిగా ముందుకు దూకాడు, డెల్ టోరో అంటిపెట్టుకున్నాడు. యేట్స్ తొందరపడకుండా వాళ్ళను అందుకుని, తర్వాత తనే ముందుకు పోయాడు. మొదట మాకెవరికీ నమ్మకం లేదు. "వీడు మళ్ళీ అక్కడే పడతాడన్నా" అన్నాడు మా మెడికల్ షాపు తమ్ముడు. ఇంతలో బొమ్మ ఆగింది. చెంబు రెండు అంగుళాలు జరిపాక తిరిగి వచ్చేసరికి తేడా పెరిగి ఉంది. కనుమ నెత్తికి చేరేలోపే ఆ 1 నిమిషం 21 సెకన్లు కరిగిపోయి, జెర్సీ లెక్కలో యేట్స్ పైకొచ్చాడు.

అసలు తెలివి కొండ దిగాక కనపడింది. యేట్స్ జట్టువాడైన వౌట్ వాన్ ఆర్ట్ పొద్దుటినుంచే ముందు గుంపులో పోయి, అక్కడ అతని కోసం ఆగి ఉన్నాడు. కొండ మీద గాలి చాటు పనికిరాదు, లోయలో అదే సర్వస్వం. అంగళ్ళు రోడ్డు మీద పొద్దున మా కాళ్ళకు తెలిసిందే. వాన్ ఆర్ట్ వీపు వెనక యేట్స్ సెస్ట్రియేరే వైపు సాగిపోతుంటే, వెనక డెల్ టోరో, కరపాజ్ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నేను లాగితే చివర్లో నువ్వు నన్ను దాటేస్తావని ఒకడు, జెర్సీ నీది కదా నువ్వే లాగు అని ఇంకొకడు. గట్టు తగాదాలో ఇద్దరన్నదమ్ములు కోర్టు చుట్టూ తిరుగుతుంటే మూడోవాడు పొలం దున్నేసుకున్నట్టుంది. స్టేజి క్రిస్ హార్పర్ గెలిచాడు, యేట్స్ మూడోవాడుగా వచ్చాడు, డెల్ టోరో అతని తర్వాత ఐదు నిమిషాలకు పైగా ఆలస్యంగా. కరపాజ్‌ది తప్పా, డెల్ టోరో జట్టుదా అని మా వరండాలో పదిన్నర దాకా గొడవ. నా మటుకు జట్టుదే. కుర్రాడికి చెవిలో ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేది. పక్క గదివాళ్ళు తలుపు తీసి "సార్, పిల్లలు పడుకున్నారు" అన్నాక ఆగాం.

ఆదివారం పొద్దున ఘాట్ దిగడం ఎక్కినంత తేలిక కాదు. బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ కాలి రబ్బరు వాసన వస్తుంది, మలుపుకు ముందు పట్టి మలుపులో వదలాలి. పొద్దున్నే దిగడం ఇంకో విధంగా మంచిది, తొమ్మిది తర్వాత కార్లు వరసకడతాయి. మదనపల్లెలో టమాటా మార్కెట్ వైపు పోవద్దని నా సలహా. చూడటానికి బాగుంటుంది గానీ లారీల మధ్య సైకిల్‌తో ఇరుక్కుంటే గంట పోతుంది. రాత్రికి తిరుపతిలో ఇళ్ళకు చేరి రోమ్ స్టేజి ఎవరింట్లో వాళ్ళం చూశాం. దారిలో వాటికన్‌లో ఆగి పోప్ లియో రైడర్లను పలకరించారు. తుది లెక్కలో డెల్ టోరో మీద యేట్స్ 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో గెలిచాడు.

జూలైలో టూర్ డి ఫ్రాన్స్ కొండ స్టేజిలకు ఏం చేయాలన్నది ఇంకా తేలలేదు. నేననేది మదనపల్లె బస్టాండు దగ్గరే మంచి లాడ్జిలో గది తీసుకుందామని. రాత్రి పదిన్నరకు కూడా భోజనం దొరుకుతుంది, సిగ్నల్‌కు ఢోకా లేదు, పొద్దున్నే కొండెక్కి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. మా లెక్చరరన్న ఒప్పుకోవడం లేదు. ఆ నాటుకోడి పులుసు మదనపల్లెలో దొరకదంటాడు. గేర్లు మాత్రం మార్పించాడు.