టేలర్ స్విఫ్ట్ ‘లవర్’: ఏళ్ల తరబడి విన్నాక, ఆ సింగిల్స్ పంచాయితీ గురించి

2019 ఆగస్టు 23న వచ్చిన ‘లవర్’ని అప్పటినుంచీ వింటూనే ఉన్నాను. 18 పాటలు, గంట పైచిలుకు నిడివి. అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌లలో నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది ఇదే. కానీ దీని మాట ఎత్తితే చాలు, స్విఫ్టీలు (ఆవిడ అభిమానులు) పాటలు వదిలేసి సింగిల్స్ మీద, అంటే రేడియోల కోసం ఆల్బమ్‌లోంచి విడిగా వదిలే పాటల మీద పడతారు. ‘క్రూయల్ సమ్మర్’ని అప్పుడే ఎందుకు వదల్లేదు? ‘మీ!’ని ముందుకు తోసింది ఎవరు? ‘ది మ్యాన్’కి అంత ఆలస్యం ఎందుకు? ఇన్నేళ్లయినా ఈ పంచాయితీ తెగలేదు. 2023లో ‘క్రూయల్ సమ్మర్’ అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయ్యాక ఇంకా ముదిరింది.

నా ఫిర్యాదు వేరే. ఆల్బమ్ చేతికొచ్చే ముందు మనకు మొదట వినిపించిన రెండు పాటలు ఈ ఆల్బమ్‌కి అసలు పోలికే లేనివి. దెబ్బ పడింది అక్కడ.

ఏప్రిల్ 26న మొదటి సింగిల్ ‘మీ!’ వచ్చింది. పానిక్! ఎట్ ది డిస్కో బ్యాండ్ గాయకుడు బ్రెండన్ యూరీతో యుగళం. డ్రమ్ లైన్, ట్రంపెట్లు, వీడియో నిండా గులాబీ రంగు మబ్బులు. ఇంతకు ముందు వచ్చిన ఆల్బమ్ ‘రెప్యుటేషన్’ అంతా నలుపు, పాములు, పగ. అది అయిపోయింది, ఇప్పుడు మూడ్ మారింది అని చాటడానికైతే ఈ పాట సరిపోయింది. చార్టులో కూడా ఫెయిల్ కాలేదు: 100వ స్థానంలో అడుగుపెట్టి మరుసటి వారానికే 2కి ఎగబాకింది. ఒక్క వారంలో 98 స్థానాలు, అప్పటికి అదే రికార్డు. అయినా మధ్యలో స్పెల్లింగ్ గురించి చిన్నపిల్లలతో అన్నట్టు ఒక మాట ఉంది చూశారా, దాన్ని జనం ఎంత ఆడుకున్నారంటే, ఆల్బమ్ వచ్చేసరికి ఆ ముక్క పాటలోంచి మాయమైంది. లీడ్ సింగిల్‌ని కత్తిరించి ఆల్బమ్‌లో పెట్టాల్సి వచ్చిందంటే, ఆ ఎంపిక మీద వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

జూన్‌లో ‘యూ నీడ్ టు కామ్ డౌన్’. ఇదీ 2వ స్థానం దగ్గరే ఆగింది. రెండింటికీ అడ్డు ఒక్కటే, లిల్ నాస్ ఎక్స్ ‘ఓల్డ్ టౌన్ రోడ్’. ఆ పాట ఆ ఏడాది 19 వారాలు నంబర్ వన్‌లో పాతుకుపోయింది. ‘జూన్‌లో క్రూయల్ సమ్మర్ వదిలుంటే నంబర్ వన్ కొట్టేది’ అనేవాళ్లు ఈ సంగతి ఎందుకో మర్చిపోతారు. ఆ వేసవిలో ఎవరు వచ్చినా రెండో కుర్చీయే.

జులైలో ‘ది ఆర్చర్’ వచ్చింది. దాన్ని సింగిల్ అనలేదు, ప్రచారం కోసం ముందుగా వదిలారు. అసలు ‘లవర్’ ఎలా ఉండబోతోందో నాకు తెలిసింది ఆ రోజే. సింథ్ ఒకే లయలో కొట్టుకుంటూ పెరుగుతూ పోతుంది. ఇక డ్రమ్స్ విరుచుకుపడతాయి అనుకుంటాం, పడవు. ఆ ఉద్వేగాన్ని అలాగే గాల్లో వేలాడదీసి పాట ముగించేస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఈ పాట ఎన్నిసార్లు విన్నా, ఆ రాని డ్రమ్స్ కోసం ఇప్పటికీ ఎదురుచూస్తాను. రేడియోకి పనికిరాదు, ఒప్పుకుంటాను. కానీ ‘మీ!’ విని మొహం తిప్పుకున్నవాళ్లను వెనక్కి పిలిచింది మాత్రం ఇదే. ఆగస్టు 16న టైటిల్ పాట, వారం తిరిగేసరికి ఆల్బమ్.

రెండో ట్రాక్ ‘క్రూయల్ సమ్మర్’ మొదటిసారి విన్నప్పుడు ఇది ఎందుకు దాచారు అని అందరం అనుకున్నాం. స్విఫ్ట్, జాక్ ఆంటొనాఫ్, సెయింట్ విన్సెంట్ కలిసి రాసిన పాట. మొదట్లో గొంతును వంచి, నలిపి వాడిన ఆ శబ్దం దగ్గర్నుంచి బ్రిడ్జ్‌లో (పాట మధ్యలో బాణీ మారే భాగంలో) దాదాపు అరుపుగా మారే చివరి వాక్యం వరకు ఎక్కడా సడలదు. అయినా మరి ఆగస్టు చివర వచ్చిన ఆల్బమ్‌లోంచి వేసవి పాటని సెప్టెంబర్‌లో అమెరికన్ రేడియోలకు పంపుతారా? తర్వాతి వేసవికి అట్టే పెట్టారు. ఆ వేసవి కోవిడ్ పాలైంది. 2020కి అనుకున్న లవర్ ఫెస్ట్ ప్రదర్శనలూ రద్దయ్యాయి. జులై కల్లా తర్వాతి ఆల్బమ్ ‘ఫోక్‌లోర్’ వచ్చేసింది, ‘లవర్’ కథ అక్కడితో అయిపోయినట్టే అనిపించింది. 2023 జూన్‌లో పిట్స్‌బర్గ్ వేదిక మీద స్విఫ్ట్ చెప్పింది కూడా ఇదే: సింగిల్ చేయాలనే అనుకున్నారు, మహమ్మారి అడ్డొచ్చింది.

ఆ వారంలోనే, జూన్ 20న, దాన్ని అధికారికంగా సింగిల్ చేశారు. అక్టోబర్‌లో నంబర్ వన్. ఇక్కడ ‘మేం అప్పుడే చెప్పాం’ బ్యాచ్ హడావిడి మొదలైంది. వాళ్లతో నాకు పేచీ ఉంది. 2019లో ఆల్బమ్ వచ్చిన వారం 18 పాటలూ హాట్ 100లో ఉన్నాయి, అందులో ఇది 29వ స్థానం. అంటే పాట అందరి చెవినా పడింది, పడి ఆగింది. 2019 సెప్టెంబర్‌లో పారిస్‌లో చేసిన కచేరీలో స్విఫ్ట్ దీన్ని పాడనే లేదు. దీనికి ప్రాణం పోసింది 2023 మార్చిలో మొదలైన కచేరీ యాత్ర, ఎరాస్ టూర్. షో మొదలైన కాసేపటికే ఈ పాట వచ్చేది. బ్రిడ్జ్ దగ్గర ఆవిడ ఆగి, ఇది ఈ సాయంత్రం మొదటి బ్రిడ్జ్, మాటలొచ్చినవాళ్లు గొంతు కలపండి అని స్టేడియాన్ని సవాలు చేసేది. వేలమంది ఒకేసారి ఆ చివరి వాక్యాన్ని అరుస్తున్న వీడియోలు ఎన్ని చూశామో లెక్కలేదు. ఆ అరుపు 2019లో ఏ రేడియో స్టేషనూ తేలేకపోయేది. సింగిల్ అని ముద్ర వేసింది తర్వాత, జనం ఎంచుకున్నది ముందు.

అసలు ఈ రోజుల్లో సింగిల్ అంటే ఏముంది? 1998 డిసెంబర్ దాకా హాట్ 100లోకి రావాలంటే పాటను విడిగా సింగిల్‌గా అమ్మాల్సిందే. ఆ నిబంధన పోయాక, స్ట్రీమింగ్ వచ్చాక, ఆల్బమ్‌లో ఏ పాటైనా చార్టెక్కొచ్చు. సింగిల్ అంటే ఇప్పుడు ‘ఈ పాట వేయండి’ అని రేడియోలకు చెప్పడం, వీడియోకి డబ్బు పెట్టడం, అంతే. మన సినిమాల ఫస్ట్ సింగిల్ చూడండి, పాట బాగున్నా బాగోకపోయినా సినిమా ఎలా ఉంటుందో జనం దాన్నిబట్టే తేల్చేస్తారు. ‘మీ!’కి జరిగింది అచ్చంగా అదే.

‘ది మ్యాన్’ విషయానికొస్తే, 2020 జనవరి 27న నాలుగో సింగిల్‌గా వచ్చింది, 23 దాటలేదు. వీడియోకి స్విఫ్టే దర్శకురాలు, బాగుంది. రెండో సింగిల్‌గా రావాల్సిన పాట అంటాను. ఇంతకంటే చెప్పడానికి ఏం లేదు.

ఈ గొడవలో ఎవరూ తలుచుకోని పాటల కోసమే నేను ఈ ఆల్బమ్ వింటాను. ‘ఫాల్స్ గాడ్’లో శాక్సఫోన్ గొంతుకి జవాబిస్తున్నట్టు వస్తుంది, రాత్రిపూట తక్కువ వాల్యూమ్‌లో వినాలి. ‘సూన్ యూల్ గెట్ బెటర్’ తల్లి క్యాన్సర్ గురించిన పాట, ది చిక్స్ బ్యాండ్ వాళ్లు గొంతు కలిపారు. అది ఎప్పుడు పడితే అప్పుడు వినలేను. ‘కార్నీలియా స్ట్రీట్’, ‘డెత్ బై ఎ థౌజండ్ కట్స్’ రెంటికీ పారిస్ కచేరీ వెర్షన్లు ఉన్నాయి, గిటార్‌తో. నాకు స్టూడియోవాటి కంటే అవే ఇష్టం. ‘లండన్ బాయ్’ మాత్రం ఇన్నేళ్లయినా మింగుడుపడలేదు. నాలుగైదు పాటలు తీసేస్తే ఆల్బమ్ చిక్కబడేది.

ఇంకొకటి గమనించాను. ‘లవర్’ తర్వాత కొత్త స్టూడియో ఆల్బమ్ దేనికీ స్విఫ్ట్ ముందుగా సింగిల్ వదల్లేదు. ‘ఫోక్‌లోర్’, ‘ఎవర్‌మోర్’ దాదాపు చెప్పాపెట్టకుండా వచ్చాయి. 2022లో ‘మిడ్‌నైట్స్’ మొత్తం ఒకేసారి వదిలితే ఆ వారం హాట్ 100 మొదటి పది స్థానాలూ ఆ పాటలవే. అలా చేసింది మొదట ఆవిడే, అంతకుముందు ఎవరూ లేరు. ఎరాస్ టూర్‌లో ‘లవర్’ భాగం కోసం పాటలు ఏరినప్పుడు ‘మీ!’ని పక్కన పెట్టింది కూడా ఆవిడే.

కొత్తగా వినేవాళ్లు రెండో ట్రాక్‌తో మొదలుపెట్టి పదోదాకా ఆపకుండా వెళ్లండి. పదహారోది ‘మీ!’, దాన్ని చివరికి ఉంచుకోండి. అప్పుడు అంత చెడ్డగా అనిపించదు.