స్పామ్, ప్రకటనల గోల: నాలుగేళ్లు కుస్తీ పట్టాక

గుంటూరు బ్రాడీపేటలో నాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. నేను, ఇద్దరు కుర్రాళ్లు, మూడు కంప్యూటర్లు, ఎప్పుడూ ఏదో ఒక కాగితాన్ని నమిలే ప్రింటరు. ప్రతి నెలా 11న, 20న మా ముఖాలు ఎలా ఉంటాయో జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. నాలుగేళ్ల కిందట అలాంటి ఒక 20వ తేదీ సాయంత్రం, మిర్చి యార్డు వ్యాపారి ఒకాయన పంపిన బిల్లుల మెయిల్ కోసం వెతుకుతున్నాను. ఇన్‌బాక్స్ పైనుంచి కిందిదాకా అమరావతి దగ్గర ప్లాట్లు, జుట్టు నూనెలు, పర్సనల్ లోన్లు, ఎప్పుడో ఒక్క చొక్కా కొన్న పాపానికి వారం వారం ‘మీ కోసమే’ అంటూ వచ్చే ఆఫర్లు. కావాల్సిన మెయిల్ రెండో పేజీలో దొరికింది. ఆ రాత్రే ఈ చెత్త మెయిళ్లను, ప్రకటనలను ఆపే పని పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఏమేం వాడానో, ఏది నిలబడిందో, దేనివల్ల తిప్పలు పడ్డానో రాస్తున్నా. డబ్బు కట్టింది ఒక్కదానికే.

ముందు సులువుగా తేలిపోయిన సంగతి. బ్రౌజర్‌లో ప్రకటనలు ఆపడానికి యుబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టిన ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం ఇది. ఉచితం, ఆయన విరాళాలు కూడా తీసుకోడు. పేరులో ‘ఆరిజిన్’ ఉందో లేదో చూసి మరీ పెట్టుకోండి, అది లేని యుబ్లాక్ వేరేవాళ్లది. పేజీ తెరుచుకునేటప్పుడు ఎక్కడెక్కడి సర్వర్ల నుంచి సరుకు తెప్పించుకుంటోందో చూసి, ఈజీలిస్ట్ లాంటి జాబితాల్లో ఉన్న ప్రకటనల సర్వర్ల దగ్గరికి వెళ్లకుండానే ఆపేస్తుంది. వచ్చినదాన్ని దాచడం కంటే అసలు గడప తొక్కనివ్వకపోవడమే దాని పని. డేటా కూడా మిగులుతుంది. సెట్టింగ్స్‌లో ప్రాంతాలవారీ జాబితాల కింద ఇండియన్‌లిస్ట్ అని ఒకటి ఉంటుంది. దానికి టిక్ పెట్టాక తెలుగు వార్తల పేజీలు మనిషి చదివేట్టుగా తయారయ్యాయి. అంతకుముందు రెండు పేరాలకొక నెయ్యి డబ్బా, దాని కింద ‘ఇంకా చదవండి’ అని నమ్మించి ఇంకెక్కడికో తీసుకుపోయే బటను.

2025లో చిక్కొచ్చింది. క్రోమ్ మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతికి మారి, పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. యుబ్లాక్ ఆరిజిన్ కూడా అందులో పోయింది. హిల్ దాని బదులు యుబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలికపాటి వెర్షన్ ఇచ్చాడు. రెండు నెలలు వాడాను, మామూలు వాడకానికి అది చాలు. మా ఆవిడ కంప్యూటర్‌లో ఇప్పటికీ అదే ఉంది, ఆవిడకు ఏ లోటూ తెలియలేదు. నాకేమో సొంత నియమాలు రాసుకునే అలవాటు ఉంది, దానికి పూర్తి వెర్షనే కావాలి. అందుకని ఫైర్‌ఫాక్స్‌కు మారిపోయాను. మారాక తెలిసిన లాభం ఏమిటంటే, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్‌కు కూడా యుబ్లాక్ ఆరిజిన్ పెట్టుకోవచ్చు. డిజిటల్ సంతకం పనులకు మాత్రం పాత బ్రౌజర్‌ను కదిలించలేదు. పనిచేస్తున్న చోట చెయ్యి పెట్టకూడదని మా వృత్తి నేర్పింది.

అతి చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఉన్న జాబితాలన్నిటికీ టిక్కులు పెట్టి వీరుణ్ననుకున్నాను. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు బస్సు టికెట్లకు డబ్బు కట్టబోతే చెల్లింపు కిటికీ తెరుచుకోదు. బ్యాంకు వాళ్లను తిట్టుకున్నాను, నెట్‌ను తిట్టుకున్నాను. పావుగంట తర్వాత వెలిగింది, అడ్డం పడింది నా టిక్కులేనని. అప్పటికి కిటికీ పక్క సీట్లన్నీ అయిపోయి, వెనక చక్రం మీద సీటు మిగిలింది. ఇప్పుడు మొదట వచ్చే జాబితాలు, వాటికి తోడు ఇండియన్‌లిస్ట్, అంతే. ఏ పేజీ మొరాయించినా ముందు ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి, ఆ సైటు వరకు దాన్ని ఆపి చూస్తా.

ఇక ఫోన్లు. ఇక్కడ నా గురువు మా మావయ్య. తెనాలిలో ఉంటాడు, రిటైరైన తెలుగు మాస్టారు. ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్.

“ఒరే అబ్బాయ్, నా ఫోనుకి అయిదు వైరస్‌లు పట్టాయంటరా. ఇప్పుడే శుభ్రం చెయ్యకపోతే ఫొటోలన్నీ పోతాయంటోంది.”

“దేన్నీ నొక్కొద్దు మావయ్యా, నేనొస్తున్నా.”

“నొక్కేశాగా!”

వెళ్లి చూస్తే వైరస్ ఏమీ లేదు. వచ్చినవన్నీ బ్రౌజర్ నోటిఫికేషన్లు. క్రోమ్‌లో సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచాను. 43 సైట్లకు అనుమతి ఇచ్చి ఉంది. వార్త చదువుతుంటే పైన ‘అలో’, ‘బ్లాక్’ అని రెండు మాటలు వస్తాయే, అక్కడ. “ఇదెందుకు నొక్కావు మావయ్యా?” అంటే, “వాళ్లు అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఏం బాగుంటుందిరా” అన్నాడు. నలభై మూడూ తీసేసి, ఇకముందు అసలు అడగనే అడగకుండా ఆ మీట ఆపేశాను. ‘శుభ్రం’ చేయడానికని ఆయన నొక్కినప్పుడు దిగిన క్లీనర్ యాప్‌ను కూడా పీకేశాను. లాక్ తెర మీద బొమ్మలూ ఆఫర్లూ కనపడేది ఆ ఫోన్‌తో పాటే వచ్చిన సరుకు. దాన్ని ఆపే చోటు వెతకడానికి అత్తయ్య రెండుసార్లు కాఫీ పెట్టాల్సొచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ ‘పిచ్చి పట్టినట్టు’ ఉందంటే, ఏ యాప్ దించే ముందైనా ఈ నోటిఫికేషన్ల జాబితా చూడండి. నేను తర్వాత చూసిన ఏడెనిమిది ఫోన్లలో సగానికి పైగా జబ్బు అక్కడే ఉంది.

ఆ తర్వాత ఆయన ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టాను. ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సౌకర్యం ఉంది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని నంబరు చెప్పే ఫోన్ డైరెక్టరీ లాంటిది. ప్రకటనల సర్వర్ల పేర్లు అడిగినప్పుడు ‘అలాంటివాళ్లు ఇక్కడ లేరు’ అని చెప్పే డైరెక్టరీ మనం ఎంచుకుంటున్నామన్న మాట. నేను పెట్టింది యాడ్‌గార్డ్ వాళ్ల ఉచిత డీఎన్ఎస్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ దగ్గర ‘డీఎన్ఎస్ డాట్ యాడ్‌గార్డ్ హైఫన్ డీఎన్ఎస్ డాట్ కామ్’ అని ఇంగ్లిషులో కొట్టాలి. దీనివల్ల బ్రౌజర్‌తో పాటు యాప్‌లలో వచ్చే ప్రకటనలు కూడా చాలావరకు పోతాయి. అయితే మనం ఏయే సైట్లు చూస్తున్నామో ఆ డీఎన్ఎస్ వాళ్లకు తెలుస్తుంది. ఎవరో ఒకరికి ఎటూ తెలిసేదే, ఎవరిని నమ్మాలన్నది మీ ఇష్టం. నాకు ఎదురైన ఇబ్బంది ఒక్కటే. విజయవాడలో ఓ హోటల్‌లో దిగితే ఈ సెట్టింగ్ వల్ల వైఫై లాగిన్ పేజీ రాలేదు. కాసేపు ఆపి, లాగిన్ అయ్యి, మళ్లీ పెట్టుకున్నాను.

యూట్యూబ్ దగ్గర మాత్రం ఈ మంత్రం పారదు. వీడియో, ప్రకటన రెండూ ఆ సంస్థ సర్వర్ల నుంచే వస్తాయి కాబట్టి డైరెక్టరీలో ఒకదాన్ని కొట్టేస్తే రెండోదీ పోతుంది. మావయ్య రోజూ భాగవత ప్రవచనం వింటాడు. గజేంద్రుడు మొర పెట్టుకుంటుండగా పద్యం మధ్యలో రమ్మీ ప్రకటన వస్తే ఆయనకు వచ్చే కోపం చూడాలి. ప్రకటనలు లేకుండా చూపే యూట్యూబ్ ప్రీమియం కట్టేశాను, 2024లో పెంచాక నెలకు 149 రూపాయలు. పైన చెప్పిన ఒక్క ఖర్చు ఇదే. ఖరీదే, కాదనను. కానీ ఆ డబ్బులో కొంత ఆ ప్రవచనం పెట్టినవాళ్లకూ చేరుతుంది. అదే లెక్కన, నేను రోజూ చదివే రెండు చిన్న తెలుగు సైట్లలో యుబ్లాక్‌ను ఆపేశాను. పక్కన ఒక బొమ్మ పెట్టుకుని బతికేవాళ్లకూ, చదువుతున్న పేరా మీదికి దూకేవాళ్లకూ తేడా ఉంది.

ఇప్పుడు అసలు విషయం, మెయిల్. ఇక్కడ యంత్రం కంటే మన అలవాటు మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు, అన్నిటికీ ఒకటే మందు వేయడం. ఎవరి మెయిల్ వచ్చినా కిందికి వెళ్లి, ఇక పంపొద్దని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కేవాణ్ని. ముక్కూ ముఖం తెలియనివాడి మెయిల్‌లో అది నొక్కితే ‘ఈ చిరునామాలో మనిషి ఉన్నాడు’ అని మనమే చాటింపు వేసినట్టు. ఇప్పుడు రెండు గుంపులు చేసుకున్నాను. నేను నిజంగా ఏదో కొన్న కంపెనీ అయితే అన్‌సబ్‌స్క్రైబ్, అదీ జీమెయిల్ పైన పంపినవాడి పేరు పక్కన చూపించేది. ఎవరో తెలియకపోతే దేన్నీ తాకకుండా రిపోర్ట్ స్పామ్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లకు కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000కు పైగా పంపేవాళ్లు ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలి, ఆ కోరికను రెండు రోజుల్లో తీర్చాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. అంటే వెయ్యి మందిలో ముగ్గురు ఫిర్యాదు చేసినా పెద్ద కంపెనీకి తలనొప్పే. తేడా నాకు కళ్లకు కనిపించింది. అంతకుముందు ఎన్నిసార్లు ఆపినా ఆగని రెండు మూడు ఆ ఏడాది ఆగిపోయాయి.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో బయటి బొమ్మలు చూపే ముందు అడగమని పెట్టాను. కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి మెయిల్‌లో పెట్టి, అది తెరుచుకుంటే మనం చదివినట్టు లెక్క వేసుకుంటారు. బొమ్మలు రాకపోతే వాళ్ల లెక్క తప్పుతుంది.

ప్లస్ గుర్తు కిటుకు నాకు బాగా నచ్చింది. జీమెయిల్ చిరునామాలో మన పేరు తర్వాత ప్లస్ పెట్టి ఏ మాట చేర్చినా ఉత్తరం మనకే వస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఓ దుకాణంలో మా చెల్లెలి పెళ్లికి చీరలు కొన్నప్పుడు, కౌంటర్‌లో మెయిల్ అడిగితే నా పేరు, ప్లస్, చీరలు అని ఇచ్చాను. నెల తిరక్కుండా ఆ చీరల చిరునామాకే ఓ వెంచర్ వాళ్ల మెయిల్ వచ్చింది, ‘పెట్టుబడికి సరైన సమయం’ అని. చీరలకూ గజాలకూ ఉన్న సంబంధం ఏమిటో ఆ దుకాణం వాళ్లే చెప్పాలి. చీరలు అన్న చిరునామాకు వచ్చేవన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ పెట్టాను, ఆ తలనొప్పి పోయింది. కిటుకులో లోపాలూ ఉన్నాయి. కొన్ని ఫారాలు ప్లస్‌ను ఒప్పుకోవు, తెలివైనవాళ్లు ఆ తోకను కోసేసి అసలు చిరునామా వాడుకుంటారు.

ఫిల్టర్లలో నేను తిన్న దెబ్బ ఒకటుంది. ఓ క్లయింటు ఆదాయపు పన్ను నోటీసు గురించి నాకు పంపిన మెయిల్ స్పామ్‌లో పడింది. నేను చూసేసరికి జవాబు గడువుకు రెండు రోజులే మిగిలాయి. స్పామ్‌లోవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి కాబట్టి, ఇంకొన్నాళ్లు చూడకపోతే ఆ మెయిల్ కూడా దక్కేది కాదు. భయపడి, చిరునామాలో ‘గవ్ డాట్ ఇన్’ ఉన్నదేదీ, క్లయింట్ల నుంచి వచ్చేదేదీ స్పామ్‌కు పోకూడదని ఫిల్టర్ పెట్టాను. మూడు వారాల్లో ‘మీ కొత్త ఈ-పాన్ దించుకోండి’ అని ఒక మెయిల్ దర్జాగా ఇన్‌బాక్స్‌లో కూర్చుంది. పంపినవాడి చిరునామాలో గవ్ డాట్ ఇన్ ఉంది, కానీ మధ్యలో. దాని తర్వాత ఇంకేదో తోక. మా కుర్రాడు లింకు మీద బాణం పెట్టాడు కూడా. ఆ సాయంత్రమే ఆ ఫిల్టర్ తీసేసి, ఆదాయపు పన్ను, జీఎస్టీ శాఖలు నిజంగా మెయిళ్లు పంపే పూర్తి చిరునామాలు ఒక్కొక్కటిగా చేర్చాను. శుక్రవారం సాయంత్రం స్పామ్ ఒకసారి కళ్లతో చూడ్డం ఆఫీసులో నియమం.

ఎస్సెమ్మెస్‌ల గురించి రెండు ముక్కలు. 1909కి డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్, మెసేజ్‌లు నాకు వద్దని నమోదు, పెట్టుకున్నాను, కొంత తగ్గింది. 140తో మొదలయ్యే నంబరు అమ్మకాలదని గుర్తుంచుకుంటే సగం కాల్స్ ఎత్తక్కర్లేదు. 2025 నుంచి మెసేజ్ పంపినవాళ్ల పేరు చివర పీ అక్షరం ఉంటే ప్రచారం అని అర్థం, తెరవకుండానే తీసేయొచ్చు.

మొన్న దసరా ముందు అదే బీసెంట్ రోడ్డులో వేరే దుకాణంలో చెప్పులు కొన్నాను. కౌంటర్‌లో కుర్రాడు “నంబర్ చెప్పండి సార్” అన్నాడు. ఇవ్వనన్నాను. “నంబర్ లేకపోతే బిల్లు పడదు సార్.” బిల్లు కోసం ఫోన్ నంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొద్దని 2023 మేలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది బాబూ, అన్నాను. నా వెనక పదిమంది లైన్‌లో ఉన్నారు. ఆ అబ్బాయి నా వంక ఒకసారి, లైను వంక ఒకసారి చూసి, గబగబా పది అంకెలు కొట్టేశాడు. ఎవరిది అని అడిగితే, “నాదే సార్, పొద్దుట్నుంచి మీలాంటోళ్లు నలుగురొచ్చారు” అన్నాడు.