సిలిండర్లవారీ డ్రయ్యర్ మోడల్: ఏళ్లపాటు వాడాక

కాగితం మిషన్లో తడి కాగితాన్ని స్టీమ్‌తో వేడెక్కిన సిలిండర్లమీద ఆరబెట్టే భాగమే డ్రయ్యర్ సెక్షన్. అందులో ఒక్కో సిలిండర్‌ను విడిగా లెక్కకట్టే ఈ మోడల్ పైథాన్‌లో నడుస్తుంది. తడి కాగితాన్ని నొక్కి నీరు పిండే ప్రెస్ తర్వాత పొడితనం 42 నుంచి 43 శాతానికి పెరిగితే ఆవిరి చేయాల్సిన నీరు సుమారు 4 శాతం తగ్గుతుందని తెలుసుకోవడానికి ఇది అక్కర్లేదు, చేతిలెక్క చాలు. ఏ గ్రూపులో (ఒకే ప్రెజర్ స్టీమ్ అందే సిలిండర్ల వరస) స్టీమ్ ప్రెజర్ దించొచ్చు, మొదటి సిలిండర్లు ఎంత వేడిగా ఉంటే పీచు అంటుకోకుండా ఉంటుంది అన్నవాటికే ఇది కావాలి. ఆ పని బాగా చేస్తుంది.

అయితే ట్యూనింగ్ సరిగ్గా ఉండాలి. మోడల్ చెప్పే తేమ రీల్ (చివర్లో కాగితం చుట్టుకునే చోటు) దగ్గర కొలిచినదానితో సరిపోయేదాకా ఒకే గుణకాన్ని మారుస్తూ పోతే 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కాగితానికి కుదిరింది 90కి తప్పుతుంది. నేను ముందు ప్రతి సిలిండర్ ఉపరితల ఉష్ణోగ్రత కొలుస్తాను, అదీ తాకించే ప్రోబ్‌తోనే. మెరిసే ఇనుముమీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తక్కువ చూపిస్తుంది. 3 బార్ గేజ్ దగ్గర స్టీమ్ సుమారు 144 డిగ్రీలుంటుంది. అదే గ్రూపులో ఒక సిలిండర్ పక్కవాటికంటే బాగా చల్లగా ఉంటే లోపల కండెన్సేట్ (స్టీమ్ చల్లారి మారిన నీరు) నిండినట్టే. ఆ నీటిని బయటికి లాగే గొట్టం, అంటే సైఫన్ చూడాలి, మోడల్‌ని కాదు. కాగితానికీ సిలిండర్‌కీ మధ్య వేడి ఎంత బాగా దాటుతుందో చెప్పే ఉష్ణ గుణకాన్ని (W/m²K లో) 200 + 955 × తేమ నిష్పత్తితో మొదలుపెడితే సర్దుబాటు తక్కువే ఉంటుంది. తేమ నిష్పత్తి అంటే కిలో పొడి పీచుకి ఎన్ని కిలోల నీరు అని. శాతం వేస్తే అంతా పాడవుతుంది.

ఎక్కువ సమయం తినే తప్పు సోర్ప్షన్ సమీకరణంలో దొరికింది. కాగితం ఆరేకొద్దీ మిగిలిన నీటిని పీచు ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పేది అదే. అందులో ఉష్ణోగ్రత సెల్సియస్‌లో వేయాలి. 80 డిగ్రీల దగ్గర, తేమ నిష్పత్తి 0.075 ఉన్నప్పుడు సాపేక్ష ఆవిరి పీడనం (మామూలు నీటి ఆవిరి పీడనంతో పోలిస్తే ఎంత) 0.59 రావాలి. పొరపాటున కెల్విన్ వేస్తే 0.93 వస్తుంది. అప్పుడు చివరి సిలిండర్లలో కాగితం నిజంకంటే తొందరగా ఆరిపోయినట్టు కనిపిస్తుంది. ప్రోగ్రాం ఏ ఎర్రరూ ఇవ్వదు.

పాకెట్ (సిలిండర్ల మధ్య కాగితం చుట్టూ ఉండే ఖాళీ) గాలి తేమను అన్నిచోట్లా ఒకటే అనుకోకండి, మధ్య గ్రూపుల్లో కొలిచి వేయండి. వెంటిలేషన్ గాలి సరిగ్గా అందని పాకెట్లో ఆవిరయ్యే వేగం పడిపోతుంది. మోడల్ తేమ ఎక్కువ చూపించినా తక్కువ చూపించినా నేను ముందు వెతికేది అక్కడే.

గ్రేడ్ మార్పుకీ (కాగితం రకం మార్చడం) షీట్ బ్రేక్‌కీ (కాగితం తెగిపోవడం) మాత్రం దీన్ని నమ్మను. ఇది స్థిరస్థితి లెక్క. పోత ఇనుము పెంకు వేడెక్కడానికీ చల్లారడానికీ పట్టే నిమిషాలు దీనికి తెలియవు.